కడపన విందుకు వచ్చిన వంటవాడు

మూడు గుడ్లగూబలు పట్టపగటి ఎండలో రెప్ప వేయకుండా ఎగురుతున్నాయి. అవి వెతికేది తననేనని శరభాంకుడికి తెలుసు. కొండవాలున పడి, లేచి, మళ్లీ పడి, చివరకు కోత ముగిసిన యవల చేలోకి దొర్లి, కుప్పగా వేసిన గడ్డిలో తల దూర్చాడు. రెక్కల నీడ గడ్డి మీదుగా ఒకసారి సాగింది. రెండోసారి సాగింది. మూడోసారి కాస్త ఆగి, ఆపై సాగింది. అతడు ఊపిరి బిగబట్టి నూరు లెక్కపెట్టాడు. నూటొకటి అనేలోగా చల్లటి ఇనుము మెడకు తగిలింది.

“కదిలితే కోసేత్తాను. కోత దినాలివి, కొడవలి మంచి పదును మీదుంది,” అంది ఒక ఆడగొంతు.

మెల్లగా తలెత్తి చూశాడు. ఇరవై ఏళ్ల కొండపిల్ల. ఎర్రటి ఉన్ని శాలువా నడుముకు బిగించి కట్టుకుంది. జడ నిండా గడ్డిపరకలు.

“ఎవడివి నువ్వు?”

“వంటవాణ్ణమ్మా. పేరు పుల్లన్న. పని వెతుక్కుంటూ వచ్చాను.”

“వంటోడివి గడ్డిలో దూరి ఏటి వండుతున్నావు?”

శరభాంకుడు భుజానికున్న మూట విప్పి గరిటెలు చూపించాడు. పొడుగు గరిటె, చిల్లుల గరిటె, రెండు ఇనుప ఊచలు. ఆ పిల్ల వాటిని చూసి కొడవలి కిందికి దించింది.

నిజానికి అతడు కాంస్యపుర రాజకుమారుడు. మాంత్రికుడు ఘూకనేత్రుడు శరభాంకుడి చెల్లెలు మంజుకేశిని పెళ్లాడతానని అడిగి, కాదనిపించుకుని, ఆ కోపంతో ఆమెను నిండుసభలో చలిరాయిగా మార్చి పోయాడు. ఆ రాతిని ముట్టుకున్న దాసీల వేళ్లు కొంకర్లు పోయాయి. చుట్టూ వంద కొలుములు రాజేసినా ఒక్క చెమట బొట్టు పుట్టలేదు. “కేల్తసీమ కొండ ఇళ్లలో కడపన పండుగనాడు పుట్టే నిప్పు ఒక్కటే దీన్ని కరిగిస్తుంది. మాంత్రికుడి మంత్రాలన్నిటికీ అదే విరుగుడు. కానీ ఆ ఇంటి ఇల్లాలు మనసారా తన చేత్తో ఇవ్వాలి. దొంగిలించినా, బెదిరించి లాక్కున్నా బూడిదైపోతుంది,” అని ముసలి రాజవైద్యుడు చెప్పాడు. అందుకే శరభాంకుడు గడ్డం పెంచి, మసిబట్ట తలకు చుట్టి, పదకొండు రోజులుగా ఈ కొండలెక్కుతున్నాడు.

“వంట నిజంగా వొచ్చునా?” అంది ఆ పిల్ల.

“వచ్చు.” ఆ ఒక్కమాట మాత్రం అబద్ధం కాదు. చిన్ననాడు అంతఃపురంలో కంటే పాకశాలలోనే అతడెక్కువ పెరిగాడు.

“అయితే లెగు. నా పేరు మొగిలి. మా ఇంట్లో మగదిక్కు లేదు. పండగ కాగు దింపడానికి అమ్మకీ నాకూ సేతులు సాలడం లేదు. పని సేత్తే తిండి పెడతాం.”

కొండ మలుపు తిరగగానే కేల్తసీమ కళ్లెదుట పరుచుకుంది. ఆకురాలు కాలం ఆ అడవికి పసుపు, కుంకుమ, కాషాయం ఒక్కసారిగా పులిమింది. లోయలో పొగమంచు చిక్కటి పాలపొంగులా కదులుతోంది. ఏటి ఒడ్డున పళ్లబరువుకు వంగిన ఆపిల్ చెట్లు, వాటి కింద రాలినవి మేస్తూ బొద్దు గొర్రెలు. ఆ వాలు మీద గుండ్రటి రాతిగోడల ఇల్లు ఒకటి నెత్తిన గడ్డికప్పు పెట్టుకుని కూచుంది. కప్పు మధ్యలో పొగ పోయేందుకు పెద్ద కంత. చూరు నిండా జడలల్లిన ఉల్లిపాయలు, దారాలకు గుచ్చిన ఎండు పుట్టగొడుగులు, వెన్న తీసిన మజ్జిగ కుండలు. గుమ్మం పైన గడ్డితో చుట్టిన బొమ్మలా ఒక పన, యవల వెన్నుల కట్ట, వేలాడుతోంది. చేలో అన్నిటికన్నా చివర కోసిన పన అది. అదే కడపన. పాత ఏడు దానితో తీరిపోతుంది, కొత్త ఏడు దానితోనే పుడుతుంది.

గుమ్మంలో ఒక పెద్దావిడ నిలబడి ఉంది. నెరిసిన జుట్టును ముడి వేసి, చేతులు మోచేతుల దాకా పిండి చేసుకుని ఉంది. మొగిలి తల్లి, పేరు కొర్రమ్మ. కొత్తవాణ్ణి పేరడగలేదు, ఊరడగలేదు. పొడుగాటి కర్రగరిటె అతడి చేతిలో పెట్టింది.

“మా గడప తొక్కినోళ్లు ముందు కాగులో గరిటె తిప్పాల. సూరీడు తిరిగే వైపుకి ఒక్క సుట్టు. రాజొచ్చినా అంతే, బిచ్చగాడొచ్చినా అంతే. మాటలు తరవాత.”

శరభాంకుడు తిప్పాడు. కాగులోంచి గొర్రెమాంసమూ యవలూ కలిసి ఉడికే ఆవిరి అతడి మొహాన కొట్టింది. పదకొండు రోజుల ఆకలి కడుపులో ఒక్కసారి లేచి కూచుంది.

ఇక పని మొదలైంది. అతడు మాంసం నుంచి నురగ తీసి పారేశాడు. అడవి ఉల్లికాడలు తరిగి వేశాడు. ముల్లంగి గడ్డలు చెక్కి, ఆకుకూరతో కలిపి ఉడికించి, వేడి మీదే మెదిపి, మధ్యలో గుంట చేసి గుప్పెడు వెన్న వేశాడు. వెన్న కరిగి చిన్న బంగారు చెరువైంది. మొగిలి ఆపిల్ పళ్లకు గింజలు తీసిస్తుంటే వాటి పొట్టల్లో తేనె, దంచిన కొండబాదం పలుకులు కూరి, ఆకుల్లో చుట్టి, నిప్పుల అంచున పేర్చాడు. కొర్రమ్మ యవలపిండి రొట్టెలు అరచేతులతోనే వత్తి ఇనుప పెనం మీద వేస్తోంది. ఒక్కో రొట్టె మీదా వేలితో అడ్డంగా నిలువుగా గీత గీస్తోంది, విరిచినప్పుడు నలుగురికీ సమంగా రావాలని.

“అయిదు రొట్టెలు చేస్తున్నారు, మనం ముగ్గురమే కదా పెద్దమ్మా?” అన్నాడు శరభాంకుడు.

“ఒకటి పొయ్యికి. ఒకటి నా పెద్దోడికి. ఈ పండగపూట పోయినోళ్లు ఇంటికొచ్చి కూసుంటారు నాయనా. తలుపు పడమటేపు తీసుంచాల. మావోడికి ఇది మొదటి ఏడు.”

“ఏం జరిగింది?”

“దారి సూపించేవోడు వాడు. పోయినేడు ఈ దినాల్లోనే కాంస్యపురం సైన్యానికి దారి సూపడానికెళ్లాడు. గుడ్డికనుమ కాడ వంతెన మీద పోయాడు. కోనడు వాడి పేరు.”

శరభాంకుడి చేతిలోని గరిటె కాగులో పడిపోయింది.

ఆ పేరు అతడు ఏడాదిగా నోట పలకలేదు. ఘూకనేత్రుణ్ణి పట్టి తెస్తానని నలభైమంది సైనికులతో బయల్దేరి, గుడ్డికనుమలో ముప్ఫైతొమ్మిది మందిని పోగొట్టుకుని, మిగిలిన ఒక్కడితోనూ విడిపోయి, పొగమంచులో దారి తెలియక నిలబడ్డప్పుడు, “మీరు ముందు దాటండి దొరా, నేనాపుతాను,” అన్నది దారి చూపడానికి వెంట వచ్చిన కోనడే. శరభాంకుడు తాళ్ల వంతెన దాటాడు. వెనక పలకల మీద అడుగుల చప్పుడయింది. అవి శత్రువులవో, కోనడివో తిరిగి చూడలేదు. కత్తి ఎత్తి తాళ్ల మీద రెండు వేట్లు వేశాడు. వంతెన కూలింది. మంచులోంచి “దొరా!” అన్న కేక ఒకటి కిందికి, కిందికి పోయింది. అతడు చెవులు మూసుకుని పరుగెత్తాడు. రాజధానిలో మాత్రం ఇద్దరం చివరిదాకా భుజం భుజం కలిపి పోరాడామనీ, శత్రువులే తాళ్లు కోశారనీ చెప్పాడు. తండ్రి అతణ్ణి ఏనుగు మీద ఊరేగించి ‘సేతువీర’ అని బిరుదిచ్చాడు. ఆ వంతెనకు దారి చూపినవాడి ఇల్లు ఏ కొండ మీద ఉందో అడగాలని కూడా అతడికి తోచలేదు. ఇవాళ ఆ ఇంటి పొయ్యి ముందే కూచుని ఉన్నాడు.

“ఏటయ్యా, గరిటె పారేసుకున్నావు?” అని కొర్రమ్మ పట్టకారుతో దాన్ని తీసిచ్చింది. “రాజధాని నుంచి కబురొచ్చింది. ఆ రాకుమారుడు ఆఖరు దాకా మావోడి పక్కనే నిలబడ్డాడంట. మావోడు పడిపోతా ఉంటే సెయ్యందించబోయాడంట. అంత గొప్పోడు నా బిడ్డ పక్కనున్నాడని తలుసుకుంటే కడుపు సల్లబడతది. వోడు ఒంటరిగా పోలేదు కదా అని.”

శరభాంకుడు పెనం దింపబోయాడు. బట్ట లేకుండా ఒట్టి చేత్తో పట్టుకున్నాడు. చర్మం చుర్రుమంది. చేయి తీయలేదు. మొగిలి చూసి కేక వేసి, అతడి చేతిని లాగేసింది.

“పిచ్చోడా!” అంటూ కొర్రమ్మ అతణ్ణి పీట మీద కూచోబెట్టి, కాలిన అరచేతికి తన వేళ్లతో వెన్న రాసింది. నోటితో ఊదింది. “మావోడూ ఇంతే, పని మీద పడితే ఒళ్లు తెలీదు.” శరభాంకుడు నేల చూస్తూ కూచున్నాడు. ఆవిడ ఊదిన ప్రతిసారీ కాలిన చోటు చల్లబడింది, అతడి చెవులు మాత్రం మండాయి.

కాసేపటికి మొగిలి అడిగింది, “తరుగుతున్నావా, ఏడుత్తున్నావా?”

“ఉల్లి ఘాటు.”

“నీ ముందున్నయి ఆపిల్ పళ్లు.”

మొగిలి మరి అడగలేదు కానీ, ఆ తర్వాత అతణ్ణి ఓరకంట గమనిస్తూనే ఉంది.

సూర్యుడు పడమటి కొండకు బారెడు దూరంలో ఉండగా లోయంతటా కొమ్ముబూరలు మోగాయి. ప్రతి ఇంటా పాత పొయ్యి ఆర్పేశారు. కొర్రమ్మ గుమ్మం మీది కడపనను దించి, గింజలు రాల్చి దాచి, గడ్డిని పొయ్యిలో పేర్చి చెకుముకి రాయి కొట్టింది. మూడో దెబ్బకు నిప్పురవ్వ గడ్డిని పట్టుకుంది. లేతగా, నీలంగా, పువ్వు విచ్చినట్టు మంట లేచింది. దాని సెగ తగలగానే శరభాంకుడి ఎముకల్లోంచి పదకొండు రోజుల చలి వదిలిపోయింది. చెల్లెలి రాతిముఖం కళ్లముందు మెదిలింది.

“పెద్దమ్మా, నాకు కూలి వద్దు. ఈ నిప్పు కాస్త ఇవ్వు. ఇంటి దగ్గర చెల్లెలికి బాగాలేదు,” అన్నాడు.

“అదెంత పని! తిన్నాక నా సేత్తోనే కుండలో పెడతాను. ముందు కూసో.”

కాగును కొత్త మంటకు చూపించి దించారు. పడమటి తలుపు బార్లా తీశారు. దానికెదురుగా ఒక పీట వేసి, రొట్టె, వెన్న ముద్ద, కాల్చిన ఆపిల్ పెట్టారు. తర్వాత కొర్రమ్మ మాంసంలోంచి మంచి తొడముక్క ఏరి, వేరే చెక్కపళ్లెంలో పెట్టి శరభాంకుడి ముందుకు జరిపింది.

“ఇది వీరభాగం. ఈ ఇంటికి తెలిసిన వీరుడెవరో వోడికి. ఈ ఏడు అది సేతువీరుడిది. ఆయన మా గడపకెందుకొత్తాడు? రాని వోడి వాటా వొచ్చిన అతిథి తినాల, అదీ మా ఆచారం. ఆయన పేరు పైకి సెప్పి తిను నాయనా.”

శరభాంకుడు ముక్క చేతిలోకి తీసుకున్నాడు. కొవ్వు వేళ్ల మీదుగా కారింది. నోరు తెరిచాడు. పేరు రాలేదు. మళ్లీ తెరిచాడు. తల్లీ కూతురూ అతడి నోటివంకే చూస్తున్నారు. ఆ క్షణాన నేల చీలి మింగినా బాగుండుననిపించింది.

సరిగ్గా అప్పుడే పడమటి గుమ్మంలో ఎవరో నిలబడ్డారు.

వెనక సూర్యుడు, ముందు నీడ. విశాలమైన భుజాలు, ఎడమ కనుబొమ్మ మీద పాత గాయపు గీత. కొర్రమ్మ చేతిలో రొట్టె రెండు ముక్కలై రాలింది.

“అమ్మా,” అన్నాడు వచ్చినవాడు.

“కోనా! ఒలమ్మో, నా కోనా!” ఆవిడ పరుగెత్తి అతడి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. “మడిసివేనా? ఒళ్లు ఎచ్చగానే ఉంది... మొగిలీ, అన్నొచ్చాడే! బతికే ఉన్నాడే!” మొగిలి కదల్లేక నిలబడి ఏడుస్తోంది.

కోనడి చూపు తల్లి భుజం మీదుగా అతడి మీద పడింది. పెదవులు విచ్చుకున్నాయి.

“దొరా! మీరా! అమ్మా, ఈయన ఎవరనుకుంటున్నావు? వంటవాడు కాదు. సేతువీర శరభాంక మహారాజకుమారుడు. ఆ దినం వంతెన మీద నా పక్కనే నిలబడ్డాడు. చివరిదాకా నా చేయి వదల్లేదు. శత్రువులు తాళ్లు కోస్తే ఏట్లో పడి కొట్టుకుపోయి ఎలాగో బతికాను.”

కొర్రమ్మ తిరిగి చూసింది. కన్నీళ్లతో వచ్చి వంగి, శరభాంకుడి రెండు పాదాలనూ ముట్టుకుని కళ్లకద్దుకుంది.

“నా ఇంట్లో పెనం దించావా బాబూ! నీ సెయ్యి కాలబెట్టానా!”

అతడు పాదాలు వెనక్కి లాక్కోలేకపోయాడు, నిలపలేకపోయాడు. ఏడాది నుంచి మోస్తున్న అబద్ధానికి ఇప్పుడు సాక్షి దొరికాడు. ఇక ఎవరూ ఏదీ అడగరు. ఊరుకుంటే చాలు.

“అమ్మా,” అన్నాడు కోనడు, “చాలా దూరం నుంచి వచ్చాను, చలి చంపేస్తోంది. ఆ కొత్త నిప్పు కాస్త నా చేతుల్లో పెట్టు. నీ చేత్తోనే పెట్టు.”

“పెడతాన్రా బంగారూ.” ఆవిడ పట్టకారు తీసి ఎర్రటి నిప్పుకణిక ఒకటి పట్టుకుంది. కోనడు దోసిలి చాపాడు. ఆ దోసిలి ఆబగా ఇంకా ముందుకు జరిగింది.

“ఇవ్వకు!”

శరభాంకుడి కేకకు పట్టకారు గాలిలో ఆగిపోయింది.

“ఇవ్వకు పెద్దమ్మా! వీడు నీ కొడుకు కాదు. వీడికి తెలిసిన కథ లోకానికి నేను చెప్పిన కథే. అది అబద్ధం. నేను కోనడి పక్కన నిలబడలేదు. అతణ్ణి వెనక వదిలి ముందు దాటాను. దాటాక... తాళ్లు నేనే కోశాను. అతడు కేక వేశాడు. విని కూడా పారిపోయాను. నిజమైన కోనడు నన్ను చూస్తే పక్కన నిలబడ్డాడని అనడు. మొహాన ఉమ్మేస్తాడు.”

కొర్రమ్మ అతణ్ణి చూసిన చూపు ఎంతసేపు నిలిచిందో శరభాంకుడికి తెలియదు. అతడు చూపు కిందికి దించేశాడు. ఆవిడ కాలివేళ్లు మాత్రమే కనిపించాయి. అవి కదల్లేదు.

“పిచ్చి దొర! పోరులో దెబ్బ తగిలి మతి తప్పింది పాపం,” అని నవ్వాడు కోనడు. “ఇవ్వమ్మా.”

“ఇత్తాను,” అంది కొర్రమ్మ. ఆవిడ గొంతులో ఇప్పుడు ఏ తడీ లేదు. “గడప దాటొచ్చావు. గరిటె తిప్పలేదు కదా. తిప్పు.”

“ఇప్పుడా?”

“పుట్టినకాణ్ణుంచీ తిప్పుతున్నావు. సెప్పాలేటి?”

వచ్చినవాడు గరిటె అందుకున్నాడు. ఒక్క క్షణం తటపటాయించాడు. తిప్పాడు. ఎడమకు, సూర్యుడికి ఎదురు దిక్కుకు. కాగులోని పులుసు భళ్లున విరిగి నల్లబడింది. కుళ్లు కంపు గుప్పుమంది.

“నా కొడుకేడిరా?” అని అరిచింది కొర్రమ్మ.

అతడి మొహం మైనంలా జారింది. కళ్లు గుండ్రటి పసుపు పళ్లేలయ్యాయి. చేతులు సాగి రెక్కలయ్యాయి. ఎద్దంత గుడ్లగూబ ఒకటి ఆ గుండ్రటి ఇంటిని నింపేసింది. ఘూకనేత్రుడు! రెక్క విసురుకు చెక్కపళ్లేలు గోడలకు తగిలి ముక్కలయ్యాయి. శరభాంకుడు ఇనుప ఊచ లాగి దాని రొమ్ములోకి పొడిచాడు. ఈకల మీద ఊచ వంగిపోయింది. గుడ్లగూబ కాలితో అతణ్ణి తన్ని గోడకు కొట్టింది. మొగిలి కొడవలి విసిరి దాని రెక్క చివర తెగ్గోసింది.

“ముసలీ!” అంది ఆ పక్షి మనిషి గొంతుతో. “ఒకడి రూపం తొడగాలంటే వాడి నీడ నా సీసాలో ఉండాలి. నీడ బతకాలంటే మనిషి బతికుండాలి. నీ కొడుకు చావలేదు. నీడ లేనివాడై నా ద్వీపంలో గానుగ తిప్పుతున్నాడు. నా మంత్రాలను విరిచే ఆ నిప్పు నా చేతిలో పెట్టి ఉంటే వాణ్ణి వదిలేద్దును. ఇక వాడక్కడే అరుగుతాడు.”

రెక్కలు చాచి పొగకంత వైపు లేచింది. శరభాంకుడు గోడ దగ్గర్నుంచి ఎగిరి దాని కాలు పట్టుకున్నాడు. కాలిన అరచెయ్యి పొలుసుల మీద ఒరుసుకుని పుండు చిట్లింది. పాదాలు నేల వదిలాయి. అప్పుడు అతడి మెడ చుట్టూ ఉట్టితాడు పడింది. దానికి మూత బిగించిన చిన్న మట్టికుండ, లోపల బూడిదలో కప్పిన నిప్పు. కొర్రమ్మ పట్టకారులోని కణికను అందులో వేసి, పీట మీదికెక్కి తాడు వేసింది. ఆవిడ మొహం అతడి మొహానికి జానెడు దూరంలో ఉంది.

“దొరవారూ,” అంది. ఇందాకటి దాకా నాయనా అని పిలిచిన నోరు అది. “ఇది మనసారానే ఇత్తన్నాను. నీకు కాదు, నా బిడ్డకి. వోడి సేతిలో పడేదాకా ఆరనీకు. ఆరిపోతే ఈ కొండకి తిరిగి రాకు.”

గడ్డికప్పు చీలింది. చల్లటి ఆకాశం అతణ్ణి మింగేసింది.

ఘూకనేత్రుడు పడమటికి ఎగిరాడు. అస్తమించే సూర్యుడి వెనకాలే, అంత వేగంతోనూ ఎగిరాడేమో, సంధ్య ముగియనే లేదు. ఎర్రటి వెలుగు అలాగే నిలిచిపోయింది. కింద లోయలు, నదులు, కోటలు గాలికి కొట్టుకుపోయే ఆకుల్లా వెనక్కి పరుగెత్తాయి. పక్షి దేవదారుల కొనల్లోకి దూసుకెళ్లింది. కొమ్మలు శరభాంకుడి వీపును చీల్చాయి. అతడు కుండను పొట్టకు అదుముకున్నాడు. పక్షి జలపాతం గుండా దూరింది. ఊపిరి ఆగింది, పట్టు ఆగలేదు.

“వదిలెయ్ దొరా!” అని నవ్వింది గుడ్లగూబ. “వెనకున్నవాణ్ణి వదిలేయడం నీకు అలవాటే కదా!”

ఆ మాట జలపాతం కంటే గట్టిగా తగిలింది. పక్షి కాలు చేతుల్లోంచి జారబోతే శరభాంకుడు పళ్లతో కూడా పట్టుకున్నాడు.

సముద్రం వచ్చింది. సముద్రం మధ్య నల్లబొగ్గులాంటి రాతిద్వీపం. పక్షి దాని మీదికి వాలుతూ అతణ్ణి శిఖరానికేసి విదిలించింది. అతడు బూడిదనేల మీద పడి, దొర్లి, ఒక గొయ్యిలో ఆగాడు. ముందు కుండ తడిమాడు. వెచ్చగా ఉంది. పగల్లేదు. పైన ఘూకనేత్రుడు గాయపడ్డ రెక్కతో కోట బురుజు వైపు వంకరగా ఎగిరిపోతున్నాడు. కోటలో నగారా మోగింది. కాపలావాళ్లు దిగివస్తారు.

గొయ్యి అవతల గరగరమని చప్పుడు. శరభాంకుడు పాకుతూ వెళ్లి చూశాడు. ఏనుగంత నల్లరాతి గానుగ. దాని దూలాన్ని ఇరవైమంది మనుషులు తోస్తూ గుండ్రంగా నడుస్తున్నారు. సంధ్యవెలుగు వాళ్ల మీద పడుతోంది, నేల మీద మాత్రం ఒక్కరికీ నీడ లేదు. చివరివాడి ఎడమ కనుబొమ్మ మీద గీత ఉంది. కాలికి గొలుసు. ఇంట్లో చూసిన కోనడిలో సగం కూడా లేడు.

ఆ మనిషి దూలం వదిలి కళ్లు చికిలించాడు.

“దొరా? మీరేనా? గడ్డమేటి?” అని దగ్గరకొచ్చి మోకాళ్ల మీద కూచున్నాడు. “మీరు బతికే ఉన్నారా! మంచిదయింది. ఆ దినం మిమ్మల్ని దాటించాక ఏటయిందో తెలీక ఏడాదిగా...”

శరభాంకుడు మెడలోని తాడు తీసి కుండ అతడి చేతుల్లో పెట్టాడు. “మీ అమ్మ పంపింది.”

కోనడు మూత తీశాడు. బూడిద కింద నిప్పుకణిక కన్ను తెరిచింది. వాసన చూశాడు. కడపన గడ్డి వాసన, వెన్న వాసన, కాలిన ఆపిల్ వాసన. నోరు తెరిచి ఏడ్చాడు, చప్పుడు రాలేదు. కణిక వెలుగు మొహం మీద పడగానే అతడి వెనక బూడిదనేల మీద పల్చటి నీడ ఒకటి, పుట్టిన దూడలా, వణుకుతూ లేచింది. తోటివాళ్లు నడక ఆపి దాన్ని చూశారు.

కొండదారిలో ఇనుప చెప్పుల చప్పుడు దగ్గరవుతోంది.

“దొరా, ఒక్కమాట,” అన్నాడు కోనడు నీడ నుంచి కళ్లు తిప్పి. “ఏడాదిగా గానుగ తిప్పుతా ఇదే అనుకున్నాను. మంచులో ఏటీ అగుపడలేదు. ఆ తాళ్లు ఎవరు కోశారు? మీరు దాటిన ఆ పక్కకి శత్రువులెలా వొచ్చారు?”

చెప్పుల చప్పుడు మలుపు దాటింది. ఇప్పుడు చెప్పకపోయినా ఫరవాలేదు, తర్వాత చెప్పొచ్చు, ముందు బయటపడాలి అనుకోవడానికి అన్ని కారణాలూ ఉన్నాయి.

“శత్రువులు రాలేదు కోనా,” అన్నాడు శరభాంకుడు. “నేనే కోశాను.”

కోనడు కుండను గుండెకు హత్తుకుని, కూచున్నచోటి నుంచే వెనక్కి జరిగాడు. గొలుసు బిగుసుకునేదాకా జరిగాడు.

శరభాంకుడు అతడి మొహం వైపు చూడలేదు. తల వంచుకునే బండరాయి ఒకటి రెండు చేతులా ఎత్తి, ఆ గొలుసు కడియం మీద కొట్టడం మొదలుపెట్టాడు. మలుపులోంచి మొదటి బల్లెం మొన వెలుగులోకి వచ్చింది.